టీవీ యాడ్లు ఆపేసి డబ్బంతా సోషల్ మీడియాలో పెట్టేయాలా?

మీరు అడిగింది ఇదీ: సోషల్ మీడియా వచ్చాక వ్యాపారం, మార్కెటింగ్, టీవీ నిజంగా ఎంత మారాయి, టీవీ పని అయిపోయినట్టేనా, మా యాడ్ ఏజెన్సీ వాళ్ళు టీవీకి పెట్టే డబ్బంతా తీసేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెట్టమంటున్నారు, పెట్టాలా వద్దా? చివరిదానికి ముందే జవాబు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మొత్తం తీసేయొద్దు. కొంత తీయండి, ఆ తీసిన డబ్బుతో యాడ్లు కొనే ముందు ఒక మనిషిని పెట్టుకోండి. ఆ మనిషి ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఏ గట్టున కూర్చుని మాట్లాడుతున్నానో మీకు తెలియదు. మొదటి తొమ్మిదేళ్ళు ఒక టీవీ ఛానెల్ యాడ్ సేల్స్‌లో పనిచేశాను, అంటే గాలిని పది సెకన్ల ముక్కలుగా కోసి అమ్మేదాన్ని. తర్వాత పన్నెండేళ్ళుగా అవతలి గట్టున ఉన్నాను, కంపెనీల డబ్బు ఏ మీడియాలో ఎంత పెట్టాలో ప్లాన్ వేసే పని. టీవీ మీద నాకు కాస్త మమకారం ఉంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

టీవీ రోజుల్లో మా పని ఇలా ఉండేది. ఫలానా యాడ్ ఫలానా టైముకి వెయ్యమని రిలీజ్ ఆర్డర్ వస్తుంది, ఆ యాడ్ వేస్తాం, వేసినట్టు రుజువుగా టెలికాస్ట్ సర్టిఫికెట్ పంపుతాం, వారం తిరిగాక రేటింగ్స్ వస్తాయి. ఆ రేటింగ్ కూడా మీటర్లు పెట్టిన కొన్ని ఇళ్ళ లెక్కే, దాన్నే పెంచి అందరి లెక్కగా చూపిస్తారు. దశాంశం తర్వాత అంకె మీద గంటలు గంటలు కొట్టుకునేవాళ్ళం. కానీ ఆ ఇంట్లో సోఫా మీద కూర్చున్న మనిషి మన యాడ్ చూసి పక్కవాళ్ళతో ఏమన్నాడు? "ఉత్త అబద్ధం, మనం కొన్నది మూడు నెలలకే పాడైంది కదా" అన్నాడేమో. ఆ మాట కంపెనీకి వినపడేది కాదు, కొనబోయే ఇంకొకడికీ వినపడేది కాదు. సోషల్ మీడియా తెచ్చిన అసలు మార్పు ఇదేనని నా అభిప్రాయం. ఆ సోఫా మీది మాట ఇప్పుడు యాడ్ కిందే కామెంట్ అయి కూర్చుంటుంది, కొనాలా వద్దా అని ఊగిసలాడేవాడు యాడ్‌ని సగంలో వదిలేసి దాన్ని చదువుతాడు. ఫాలోయర్లు, రీల్స్, హ్యాష్‌ట్యాగులు అన్నీ ఈ చెట్టుకు మొలిచిన కొమ్మలే.

ఇది మొదట దెబ్బ తిని నేర్చుకున్నవాళ్ళలో విమాన కంపెనీలు ముందుంటాయి. 2008లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణంలో డేవ్ క్యారల్ అనే కెనడా సంగీతకారుడి గిటార్ విరిగింది. నెలల తరబడి తిరిగినా పరిహారం ఇవ్వలేదు, ఆయన ఆ కథనే పాటగా కట్టి 2009 జూలైలో యూట్యూబ్‌లో పెట్టాడు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది చూశారు, అప్పుడు కంపెనీ పరిహారం ఇస్తామంటూ తనే దిగొచ్చింది. అదే రంగంలో ఏడాది తిరక్కుండా దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది జరిగింది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో యూరప్ ఆకాశం మూతపడినప్పుడు నెదర్లాండ్స్ విమాన కంపెనీ కేఎల్ఎమ్ ఫోన్ లైన్లు కిక్కిరిసిపోయాయి. వాళ్ళు ఉద్యోగుల్ని కూర్చోబెట్టి ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో వచ్చిన ప్రశ్నలకు రాత్రీ పగలూ జవాబులు ఇప్పించారు. తర్వాత దాన్నే శాశ్వతమైన విభాగంగా మార్చుకున్నారు. ఏ యాడ్ ఫిల్మూ తేలేనంత పేరు ఆ జవాబులు తెచ్చాయి.

కాబట్టి కస్టమర్ కేర్ అనేది ఇప్పుడు మార్కెటింగ్‌లో భాగం, కానీ నేను చూసిన చాలా కంపెనీల్లో ఈ రెండు విభాగాలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు, బడ్జెట్లు కూడా వేరు. గృహోపకరణాలు తయారుచేసే ఒక క్లయింట్ ఉండేవాడు మాకు, పేరు వద్దు. కొత్త మోడల్‌కి పెద్ద క్యాంపెయిన్ నడుపుతున్నాం, వీడియో బాగుంది, రీచ్ (ఎంతమందికి చేరిందనే లెక్క) బాగుంది, అమ్మకాలు మాత్రం కదలడం లేదు. కామెంట్లు చూస్తే ముప్పావు వంతు ఒకటే గోల, సర్వీస్ సెంటర్ ఫోన్ ఎత్తడం లేదని. మా టీమ్‌లో ఒక కుర్రాడు ఆ కామెంట్లన్నీ హైడ్ చేస్తూ పోయాడు, అతని తప్పు లేదు, క్లయింటే చెయ్యమన్నాడు. హైడ్ అయినవాళ్ళు ఊరుకుంటారా, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకోచోట పెట్టారు, గోల రెట్టింపైంది. చివరికి రెండు వారాలు యాడ్ ఆపించి, సర్వీస్ విభాగం నుంచి ముగ్గురిని తెచ్చి కామెంట్లలో కూర్చోబెట్టాం. "మీ నంబర్ డీఎం చెయ్యండి", అంటే విడిగా మెసేజ్ పెట్టండి అనే అరిగిపోయిన మాట కాకుండా, ఫలానా రోజు మెకానిక్ వస్తాడని రాయడం, వచ్చాక అదే కామెంట్ కింద వచ్చాడా అని అడగడం. తిట్టినవాళ్ళలో కొందరు అక్కడే "పని అయింది" అని రాశారు. అప్పుడు మళ్ళీ అదే యాడ్, ఒక్క ఫ్రేమ్ మార్చకుండా నడిపితే పనిచేసింది. మొదట్లో పెట్టుకోమన్న మనిషి ఇలాంటివాడే, మీ వస్తువు గురించి పూర్తిగా తెలిసి, కంపెనీ లోపల ఎవరినైనా కదిలించగలిగే హోదా ఉన్న మనిషి. ఈ పనికి కొత్తగా చేరిన ట్రైనీని పెడతారు అందరూ, నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం అది.

వ్యాపారాల వైపు చూస్తే, చిన్నవాడికి పెద్దవాడి గోడ దూకే వీలు దొరికింది, ఇది నిజం. షేవింగ్ బ్లేడ్ల వ్యాపారంలో జిల్లెట్ బలం రెండే, టీవీలో డబ్బు కుమ్మరించగలగడం, దుకాణాల అల్మారాల్లో చోటు. 2012 మార్చిలో డాలర్ షేవ్ క్లబ్ అనే చిన్న సంస్థ సుమారు 4,500 డాలర్ల ఖర్చుతో ఒకటిన్నర నిమిషం వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టింది, బ్లేడ్లు నెలనెలా ఇంటికే పంపిస్తామని. సైట్ కూలిపోయింది, రెండు రోజుల్లో దాదాపు 12,000 ఆర్డర్లు వచ్చాయి, 2016లో యూనిలీవర్ దాన్ని సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నదని వార్తలొచ్చాయి. ఈ కథ ప్రతి సెమినార్‌లోనూ చెప్తారు. చెప్పకుండా వదిలేసేవి రెండు. వీడియోలో మాట్లాడిన స్థాపకుడు మైఖేల్ డూబిన్ హాస్యనటనలో శిక్షణ తీసుకున్నవాడు, కెమెరా ముందు నిలబడిన ప్రతి యజమానికీ అది రాదు. రెండోది, కాస్త పెరిగాక ఆ సంస్థ కూడా వెళ్ళి టీవీ యాడ్లు కొనుక్కుంది.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. ఫేస్‌బుక్ 2007 నవంబర్‌లో కంపెనీలకు పేజీలు ఇచ్చింది. ఉచితం, లైకులు పోగేసుకోండి, మీ కస్టమర్లతో నేరుగా మాట్లాడుకోండి అన్నారు. అందరూ ఎగబడ్డారు, లైకుల కోసం పోటీలు పెట్టారు, బహుమతులిచ్చారు, నేనే కొన్ని చేయించాను. 2012లో ఫేస్‌బుక్కే చెప్పింది, ఒక పేజీ పెట్టే పోస్టు సగటున దాని అభిమానుల్లో 16 శాతం మందికి చేరుతోందని. తర్వాత అది ఇంకా పడిపోతూ వచ్చింది, 2018 జనవరిలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్, తెరవగానే కనపడే పోస్టుల వరసలో (ఫీడ్‌లో) స్నేహితులకు, కుటుంబాలకు పెద్దపీట వేస్తున్నామని, వ్యాపారాల పోస్టులు తగ్గుతాయని ప్రకటించాడు. అంటే డబ్బు పెట్టి పోగేసుకున్న మనుషుల దగ్గరికి వెళ్ళడానికి మళ్ళీ డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించమనాలి, దాన్నే బూస్ట్ అంటారు. అద్దె ఇంట్లో బావి తవ్వుకున్నట్టయింది మా పని.

ఆ తర్వాత టిక్‌టాక్ ఆట మొత్తం తిరగేసింది. నువ్వు ఎవరిని ఫాలో అవుతున్నావు అన్నది పక్కన పెట్టి, ఏ వీడియో దగ్గర వేలు ఆగింది, ఎంతసేపు ఆగింది అనేదాన్ని పట్టి తర్వాతి వీడియో చూపించడం. 2020లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌తోనూ, యూట్యూబ్ షార్ట్స్‌తోనూ అదే దారి పట్టాయి. దీనివల్ల పేజీలో వంద మంది లేనివాడి వీడియో లక్షల మందికి వెళ్ళొచ్చు, పది లక్షల ఫాలోయర్లున్న బ్రాండ్ పోస్టు ఎవరికీ చేరకుండా చచ్చిపోవచ్చు. మీ ఏజెన్సీ "ఆరు నెలల్లో ఇన్ని ఫాలోయర్లు తెస్తాం" అని రాసిస్తే ఆ కాగితం విలువ అంతంతే. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్‌లో ఒక మార్పు చేసింది, యాప్‌లు మిమ్మల్ని వేరే యాప్‌లలో వెంబడించాలంటే మీ అనుమతి అడగాలని. ఆ ఒక్క పాప్-అప్ వల్ల 2022లో తమకు సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా కంపెనీ తనే చెప్పుకుంది. అంత పెద్ద ఏనుగుకే అంత దెబ్బ తగిలితే, దాని మీద ఆధారపడి ఫలానా వయసువాళ్ళకి, ఫలానా అలవాటున్నవాళ్ళకి గురిచూసి యాడ్లు వేసుకునే చిన్న వ్యాపారాల గతి ఊహించుకోండి. యాడ్ ఖర్చు పెరిగింది, ఫలితం తగ్గింది, ఎందుకో కూడా యాడ్ లెక్కలు చూపించే తెర మీద, అంటే డ్యాష్‌బోర్డులో, కనపడదు. అందుకే నా క్లయింట్లకు ఎప్పుడూ చెప్తాను, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు, అనుమతితో తీసుకుని మీ సొంత జాబితా కట్టుకోండని. బోరు పని, ఎవరూ చెయ్యరు.

డ్యాష్‌బోర్డు అన్నాను కాబట్టి లెక్కల గురించి. టీవీ రేటింగ్‌లు అంచనాలని అందరికీ తెలుసు, అందుకే ఒక కన్నేసి ఉంచేవాళ్ళం. డిజిటల్ లెక్కల్లో అంకెలు చివరి ఒకటి దాకా కనపడతాయి కాబట్టి నిజమనుకుంటాం. 2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది, వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారనే లెక్క రెండేళ్ళుగా ఎక్కువ చేసి చూపించామని. మూడు సెకన్ల లోపు చూసి పోయినవాళ్ళని లెక్కలోంచి తీసేసి సగటు కట్టారు, ఒక ఏజెన్సీకి చెప్పిన ప్రకారం 60 నుంచి 80 శాతం దాకా పెరిగిందట ఆ సగటు. ఇప్పటికీ "వ్యూ" అంటే ఒక్కోచోట ఒక్కో అర్థం. ఫేస్‌బుక్‌లో మూడు సెకన్ల లెక్క నడిచింది, యూట్యూబ్‌లో స్కిప్ చెయ్యగలిగే యాడ్‌కి 30 సెకన్లు, టిక్‌టాక్‌లో మొదలైతే చాలు, యూట్యూబ్ షార్ట్స్‌ కూడా 2025 మార్చి చివరి నుంచి మొదలైతే చాలు అనేసింది. ఇవన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో కూడి "మొత్తం వ్యూస్" అని మీకు చూపిస్తారు. మామిడికాయలూ గుమ్మడికాయలూ కలిపి లెక్కపెట్టినట్టు.

ఇంకో మాయ ఉంది, అట్రిబ్యూషన్, అంటే ఏ అమ్మకం ఏ యాడ్ వల్ల జరిగిందో లెక్క కట్టడం. మీ సైట్‌లో వస్తువు చూసి, బుట్టలో వేసుకుని, ఎలాగూ రేపు కొందామనుకున్న మనిషికి రాత్రి మీ యాడ్ మళ్ళీ కనపడుతుంది, పొద్దున కొంటాడు. ఆ అమ్మకం యాడ్ ఖాతాలో పడుతుంది. దుకాణంలో డబ్బు కట్టే వరసలో నిలబడ్డవాళ్ళకి కరపత్రాలు పంచి, వీళ్ళంతా నా కరపత్రం చూసే వచ్చారు అన్నట్టు. ఇది సోషల్ మీడియాకే పరిమితం కాదు, ఈబే సంస్థ 2012లో తన పేరు మీద వెతికేవాళ్ళకి చూపించే సెర్చ్ యాడ్లు కొన్నిచోట్ల ఆపి చూసింది, వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ మామూలు లింకు నొక్కి వచ్చేశారు. మీరు చేయగల పరీక్ష కూడా ఇదే: మీరు అమ్మే ప్రాంతాల్లో ఒకే రకంగా ఉన్న రెండిటిని తీసుకుని, ఒకదాంట్లో ఒక నెల సోషల్ యాడ్లు పూర్తిగా ఆపండి, అమ్మకాల పుస్తకం చూడండి. ఏజెన్సీ వద్దంటుంది, బతిమాలుతుంది, అయినా చెయ్యండి. టీవీకి కూడా ఇదే పరీక్ష పెట్టండి, నా మమకారం సంగతి అటుంచి.

ఇప్పుడు టీవీ. టీవీకీ సోషల్ మీడియాకీ మొదట్లో పెళ్ళి సందడిలా ఉండేది. 2009లో బ్రిటన్ టాలెంట్ షోలో సూసన్ బోయిల్ అనే ఆమె పాడింది, ఆ దేశం బయట చాలామంది ఆమెను టీవీలో కాదు, యూట్యూబ్‌లో చూశారు. జపాన్‌లో 2013 ఆగస్టులో "కాజిల్ ఇన్ ద స్కై" యానిమేషన్ సినిమా టీవీలో వస్తున్నప్పుడు, పాత్రలు "బారుస్" అనే మంత్రం పలికే క్షణానికి అందరూ కలిసి ఆ మాటే ట్వీట్ చేస్తే ఒక్క సెకనులో 1,43,199 ట్వీట్లు పడ్డాయి, అప్పటికి అది రికార్డు. టీవీ ముందు కూర్చున్న లక్షల మంది ఒకరికొకరు వినపడటం అంటే ఇదీ. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మధ్యలో స్టేడియంలో అరగంటకు పైగా కరెంటు పోతే, ఓరియో బిస్కెట్ల టీమ్ అప్పటికప్పుడు "చీకట్లో కూడా ముంచుకు తినొచ్చు" అనే ట్వీట్ పెట్టింది, ఆ రాత్రి భారీ ఖర్చుతో వేసిన యాడ్ల కన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడారు. ఆ ట్వీట్ చూసి ప్రతి క్లయింటూ "మనకీ అలాంటిది కావాలి" అని మా ప్రాణం తీశారు. ఆ రాత్రి ఓరియో వాళ్ళ దగ్గర రాసేవాళ్ళూ, బొమ్మ వేసేవాళ్ళూ, సరే అనే అధికారం ఉన్నవాళ్ళూ ఒకే గదిలో కూర్చుని ఉన్నారు. మా క్లయింటుకి ఒక పోస్టుకి అనుమతి రావడానికి నాలుగు రోజులు.

ఆ సరదా తర్వాత టీవీ తన రూపం మార్చుకోవడం మొదలైంది. ఇప్పుడు రియాలిటీ షోలో జడ్జి లేచి చప్పట్లు కొట్టే విధానం, డిబేట్‌లో ఒకడు కాగితాలు విసిరి లేచిపోవడం, ఇంటర్వ్యూలో ఒకే ఒక్క వాక్యం, ఇవన్నీ గంట షో కోసం కాక నలభై సెకన్ల క్లిప్ కోసం అని మీకు అనిపించే ఉంటుంది. సరిగ్గానే అనిపించింది. ఎడిటింగ్ గదిలోనే "ఇది నిలువు ఫ్రేమ్‌లో పడుతుందా" అని అడుగుతారు. వార్తల విషయంలో దీనివల్ల నష్టమే ఎక్కువని నా అభిప్రాయం, అరిచినవాడి క్లిప్పే తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి పిలవడం మానేశారు.

చివరికి యూట్యూబ్ ఫోన్‌లోంచి లేచి హాల్లో టీవీ తెర మీదకే వచ్చి కూర్చుంది. అమెరికాలో 2025 మే నెలలో టీవీ తెర మీద చూసే సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం, బ్రాడ్‌కాస్ట్, కేబుల్ రెండూ కలిపినా 44.2 శాతమే అని టీవీ చూసేవాళ్ళ లెక్కలు కట్టే నీల్సన్ సంస్థ తేల్చింది, అలా దాటడం అదే మొదటిసారి. అందులో ఒక్క యూట్యూబ్‌దే 12.5 శాతం. కాబట్టి "టీవీనా, సోషల్ మీడియానా" అనే ప్రశ్నే ఇప్పుడు కాస్త పాతబడింది, అదే తెర, అదే సోఫా.

అయినా టీవీ పని అయిపోలేదని ఎందుకంటున్నానంటే, 2010లో గూగుల్, 2020లో ఫేస్‌బుక్ సూపర్ బౌల్‌లో డబ్బు పెట్టి యాడ్లు వేసుకున్నాయి. ప్రపంచంలో యాడ్లు అమ్ముకునే అతి పెద్ద దుకాణాలు రెండూ తమ సొంత యాడ్ కోసం టీవీ దగ్గరికి వెళ్ళాయి. ఫోన్‌లో యాడ్ ఎవరికి వారే ఒంటరిగా చూస్తారు, పక్కవాడికి వేరేది కనపడుతుంది. లైవ్ మ్యాచ్‌లో యాడ్ వస్తే నేను చూశానని నాకు తెలుసు, అందరూ చూశారని కూడా నాకు తెలుసు. కొత్త పేరు మీద నమ్మకం కలగడానికి ఆ రెండోది చాలా పనికొస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ 2011లో ఈ రెండిటినీ కలిపి ఒక దారి చూపించింది: సూపర్ బౌల్ కోసం తీసిన యాడ్‌ని దాచుకోకుండా కొన్ని రోజుల ముందే యూట్యూబ్‌లో వదిలేసింది, మ్యాచ్ నాటికే లక్షల మంది చూసేశారు, మ్యాచ్‌లో వచ్చినప్పుడు "అదిగో అదే" అన్నారు. అప్పటి నుంచి అందరూ అదే చేస్తున్నారు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. డబ్బు తీసుకుని చెప్తున్నామని స్పష్టంగా రాయడం చాలా దేశాల్లో తప్పనిసరి, అది ఒప్పందంలో పెట్టండి. ఫాలోయర్ల సంఖ్య అడగొద్దు, వాళ్ళు చూసేవాళ్ళు ఏ ప్రాంతంవాళ్ళో చూపించే స్క్రీన్ అడగండి, పాత పోస్టుల కింద కామెంట్లు మీరే కూర్చుని చదవండి. అన్నీ మంట ఎమోజీలే ఉంటే వెనక్కి వచ్చేయండి.

మీ విషయానికొస్తే, మీరు అమ్మేది ఇంటింటికీ అవసరమైన వస్తువైతే టీవీలో సగానికి పైగా ఉంచండి. కొద్దిమందికే అవసరమైనదైతే, లేదా ఇరవై ఏళ్ళలోపు పిల్లలకైతే, ఎక్కువ భాగం సోషల్ మీడియా వైపు తిప్పండి. టీవీ యాడ్‌నే పక్కలు కత్తిరించి నిలువుగా చేసి రీల్‌గా పెట్టడానికి ఒప్పుకోవద్దు, చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు, మొదటి రెండు సెకన్లలో వస్తువు కనపడకపోతే వేలు జరిగిపోతుంది, అక్షరాలు తెర మీద ఉండాలి. వేరేగా తీయించండి, ఖరీదుగా తీయక్కర్లేదు.

ఒకటి మాత్రం ఈ రోజే చూసుకోండి. మీ పేజీలు, యాడ్ అకౌంట్, పిక్సెల్ (మీ సైట్‌కి వచ్చినవాళ్ళు ఏం చేశారో గమనించే చిన్న కోడ్) ఎవరి పేరు మీద ఉన్నాయి? మాకు వచ్చిన ఒక క్లయింట్ పేజీ, పాత ఏజెన్సీలో పనిచేసిన ఒక ఉద్యోగి సొంత ప్రొఫైల్ మీద ఉంది. అతను ఉద్యోగం మానేసి నంబర్ మార్చేశాడు. ఏడేళ్ళ పేజీ, దాని వెనక ఉన్న కస్టమర్ డేటా అంతా చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ కామెంట్లకి జవాబు చెప్పే దిక్కు లేదు. ఏజెన్సీకి యాక్సెస్ ఇవ్వండి, ఓనర్‌గా మాత్రం మీరే ఉండండి. ఈ మాటకి వాళ్ళు నసిగితే, డబ్బు ఎక్కడ పెట్టాలనే దాని కన్నా ముందు ఏజెన్సీని మార్చే ఆలోచన చెయ్యండి.